లప్పం పెట్టిన అచ్చు

మా తమ్ముడు వడ్రంగి. వాడి షాపులో పాలిష్ పని నాది. వాడు కోస్తాడు, నేను నునుపు చేస్తాను. నాన్న చెడగొట్టిందంతా అత్త కప్పెడుతుందని మా మేనకోడలు అనేది. దానికి పదేళ్ళు. పుట్టినప్పుడే వెన్నెముక కింది భాగం మూసుకోలేదు. నడుము నుంచి కిందికి కదలిక లేదు, స్పర్శ కూడా లేదు. కాలి మీద వేడినీళ్ళు ఒలికినా దానికి తెలియదు; మనం చూసి చెప్తే "అవునా" అంటుంది. ఆ లోటంతా నోటితో పూడ్చుకుంది. షాపు తలుపు పక్కన కుర్చీలో కూర్చుని, ఎవరు పని చేస్తున్నారో, ఎవరు చేస్తున్నట్టు నటిస్తున్నారో కనిపెట్టి అందరికీ వినపడేలా చెప్పేది. అందుకే దాన్ని మేనేజరు అని పిలిచేవాళ్ళం. చెక్క దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు కూడా "మేనేజరుగారూ, ఎక్కడ పెట్టమంటారు?" అని దాన్నే అడిగేవాడు.

ఆ కుర్చీ లేకపోతే దానికి కనిపించేది ఇంటి పైకప్పు ఒక్కటే. దాని నడుము దానంతట అది నిలబడదు. బజారులో దొరికే చక్రాల కుర్చీలో కూర్చోబెడితే కాసేపటికే ఒక పక్కకు ఒరిగిపోయేది. ఒరిగితే ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. అందుకని మా తమ్ముడే దాని ఒంటికి సరిపోయేలా చెక్కతో కుర్చీ చేసి, అడుగున చక్రాలు బిగించేవాడు. పిల్ల పెరిగేకొద్దీ కొత్తది చేసేవాడు. ఆ కుర్చీల పుణ్యమా అని ఆ పిల్ల మనుషుల ముఖాలు చూస్తూ పెరిగింది. ఇది చివరి కుర్చీ కథ.

ఆ కుర్చీ చేసే పద్ధతి చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. పక్కనుంచి చూస్తే వీపూ, కూర్చునే చోటూ కలిసి ఒకే వంపు. ఆ వంపులో పాతిక పట్టీలు కోసి, మధ్య సన్నటి సందులు వదిలి, పక్కపక్కనే ఇనుప కడ్డీలకు గుచ్చి బిగిస్తే కుర్చీ అవుతుంది. సందులుంటే గాలాడుతుంది, చెమట పట్టదు. పాతికా ఒకేలా రావాలంటే చేత్తో కోస్తే కుదరదు. రౌటర్ అనే కోత మిషను కావాలి, రౌటర్‌కి టెంప్లేట్ కావాలి. మా షాపులో దాన్ని అచ్చు అంటాం. రౌటర్‌లో గిర్రున తిరుగుతూ కోసే ముక్కను బిట్ అంటారు, దాని చివర బేరింగ్ అనే చిన్న చక్రం ఉంటుంది. అది అచ్చు అంచును ఒరుసుకుంటూ పోతుంటే, బిట్ అదే దారిలో చెక్కను కోసుకుంటూ పోతుంది. బేరింగ్‌కి బుద్ధంటూ లేదు. అచ్చులో గుంట ఉంటే గుంటలోకి దిగుతుంది, బొడిపె ఉంటే బొడిపె ఎక్కుతుంది. అచ్చులో ఒక్క తప్పుంటే అది పాతిక పట్టీల్లోనూ అదే చోట, అదే కొలతలో వస్తుంది.

అచ్చు దేంతో చెయ్యాలన్న దగ్గరే మాకు గొడవ వచ్చింది. అంతకుముందు కుర్చీలన్నింటికీ ఎండీఎఫ్ వాడాం. చెక్కను పిండిలా నూరి, జిగురు కలిపి నొక్కి చేసే బోర్డు అది. లోపల పొరలుండవు, గ్యాపులుండవు, ఎక్కడ కోసినా ఒకేలా ఉంటుంది. ఉప్పుకాగితంతో నాలుగుసార్లు రుద్దితే చెప్పిన మాట వింటుంది. అంచు మెత్తన కాబట్టి పదిమందికి పని చేసేసరికి నలిగిపోతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. ఒక్క కుర్చీకైతే మాత్రం దాన్ని మించింది లేదు. దాంతో వచ్చే చిక్కల్లా పొడి. పిండికన్నా సన్నంగా లేస్తుంది, గాల్లో నిలబడిపోతుంది, గొంతులోకి పోతే ఒక పట్టాన వదలదు.

ఆ చలికాలం పిల్లకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు అసలే చిన్నవి, దుమ్ము దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఇంటికి రాగానే షాపులో ఉన్న ఎండీఎఫ్ ముక్కలన్నీ ఏరి బయట పడేశాడు. అచ్చుకు కూడా ఒక్క ముక్క మిగల్చలేదు. షాపు పక్క సందులోకి తీసుకెళ్ళి మూతికి గుడ్డ కట్టుకుని కోద్దాం, ఆ పూట పిల్లను ఇంట్లో ఉంచుదాం అన్నాను. పొడి చొక్కాకు అంటుకుని ఇంట్లోకే వస్తుందన్నాడు. చొక్కా మార్చుకో అన్నాను. జుట్టులో ఉంటుందన్నాడు. గుండు కొట్టించుకో అన్నాను. నవ్వలేదు.

పోనీ అక్రిలిక్ షీటు తెద్దామన్నాను. గాజులా ఉంటుంది, దాని అంచు ఎన్నాళ్ళైనా అరగదు. అంత పెద్ద వంపును అక్రిలిక్‌లో చేత్తో సరిచెయ్యడం కష్టమనీ, బిట్ వేడెక్కితే అంచు కరిగి ముద్ద కడుతుందనీ, ఆ వాసన పిల్లకు అసలు పడదనీ అన్నాడు. అది నిజమే. చివరికి ప్లైవుడ్ దగ్గర ఆగాడు. ప్లై గట్టిది, దాని పొడి బరువుగా కింద పడుతుంది, వాసన రాదు. కానీ ప్లై అంటే పొరలు. పై పొర పెళ్ళిచూపులకు వచ్చిన వరుడిలా ఉంటుంది, లోపల ఏముందో కోశాకే తెలుస్తుంది. లోపలి పొరల్లో ఎక్కడో ఒకచోట ఖాళీ ఉండి, అది అంచున బయటపడిందంటే బేరింగ్ అందులో పడుతుంది. పిల్ల కూర్చునేదానికి అలాంటి సరుకు వద్దురా అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మావాడు. ఆ గుణం మా నాన్న నుంచి వాడికొచ్చింది. నాకు రాలేదని ఎవరూ అనరు, అందుకే కొన్నాళ్ళు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

నేనన్నట్టే కోసిన ప్లైలో గ్యాపు బయటపడింది. సరిగ్గా కూర్చునే చోట, వంపు అడుగున. ఇంకో ముక్క కోస్తే సరిపోయేది. వాడు ఆ గ్యాపులో లప్పం నింపాడు. గోడలకు పెట్టే లప్పం కాదు, కార్ల సొట్టలకు పూసేది. మందు కలిపితే రాయిలా బిగుస్తుంది. ఎండాక ఉప్పుకాగితం పట్టాడు. కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. ఆ వంపులో చెక్కముక్క ఆనలేదని కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని రుద్దాడు. పని రానివాడు ఇలాంటి తప్పు చెయ్యడు, వాడికి లప్పం పెట్టాలనే తోచదు. అరచెయ్యి మెత్తన, చెక్క మెత్తన, లప్పం గట్టి. కాగితం చెక్కను తింటూ లప్పాన్ని వదిలేసింది. చుట్టూ చెక్క తగ్గి, లప్పం ఉన్న చోట బియ్యపు గింజ మందాన బొడిపె మిగిలింది. రెండు వైపులా మెల్లగా వాలుతుంది కాబట్టి కంటికి ఆనలేదు. ఆ బొడిపే మా కొంప ముంచింది. ముందే చెప్పేస్తున్నాను; దాచి దాచి చివర్లో తీసి చూపించడం నాకు చేతకాదు. అప్పుడు మాత్రం నాకూ తెలియదు, వాడికీ తెలియదు.

పాతిక పట్టీలూ కోశాక వాడు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించాడు. వెంట్రుక దూరే సందు లేదు. అంత బాగా వచ్చిన పనిని చూసి నా కోపం కూడా కాస్త దిగింది, పర్వాలేదురా అన్నాను. నా నోటి నుంచి పర్వాలేదు అనే మాట వచ్చిందంటే మా షాపులో బహుమతి కింద లెక్క. పాలిష్ మాత్రం వద్దన్నాడు, ఆ వాసన కూడా పిల్లకు పడదని. అలా ఆ పట్టీలు నా చేతికి రాలేదు. వాటి మీద వాడే పలుచటి స్పాంజి పరిచాడు, మా మరదలు దానికి గుడ్డతో గలీబు కుట్టింది. మేనేజరు కొత్త కుర్చీ ఎక్కి, షాపంతా ఒకసారి తిరిగి చూసి, అత్త పనిచేసే బల్ల దుమ్ము కొట్టుకుపోయిందని చెప్పింది.

మా మరదలికీ నాకూ పడదు. నా మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చినదాన్ని, పైగా పెద్దదాన్ని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, నేను అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు. కూరలో ఉప్పు దగ్గర మొదలై ఆరేసిన బట్టల దాకా మాకు గొడవ రాని విషయం లేదు. అయినా ఒక్క మాట ఎక్కడైనా చెప్తాను. పిల్ల ఒంటిని చూసుకోవడంలో ఆమెను వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఉదయం కుర్చీ ఎక్కించే ముందూ, సాయంత్రం దించాకా, పిల్లను బోర్లా పడుకోబెట్టి, అంగుళం అంగుళం చూసేది. స్పర్శ లేని ఒళ్ళు కదా, చిన్న మడత గుచ్చుకున్నా పిల్ల చెప్పలేదు. చూసేది తల్లి కళ్ళే. నేను పక్కనే బట్టలు మడతపెడుతూ రోజూ చూసేదాన్ని.

కుర్చీ మారిన కొన్ని వారాలకు ఒక సాయంత్రం, పిరుదు ఎముక దగ్గర ఎర్రటి మచ్చ కనిపించింది. మరునాడు పిల్లను కుర్చీ ఎక్కించలేదు. రెండో రోజుకే ఆ ఎరుపు నల్లబడి చిట్లింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చెప్పాడు, ఇలాంటి పుండు లోపల ఎముక దగ్గర మొదలై పైకి వస్తుందట. చర్మం మీద కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుందట. ఆ ముక్క ఆయన ఒక్కసారే చెప్పాడు, త్వరగా చెప్పాడు. నర్సు మాత్రం తీరిగ్గా మా మరదలిని నిలబెట్టి, ఒళ్ళు రోజూ చూడాలని మీకెవరూ చెప్పలేదా అని అడిగింది. చూస్తున్నానండీ అంది మా మరదలు. చూస్తే ఇంత దాకా ఎలా వస్తుందమ్మా అంది నర్సు. ఆ మాట అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చాక మా తమ్ముడూ అదే అన్నాడు.

వర్షాకాలమంతా పిల్ల బోర్లా పడుకునే ఉంది. పుండు మెల్లగా పూడింది. షాపులో దాని గొంతు లేక మాకు పని సాగలేదు. తమ్ముడు కుర్చీని అనుమానించలేదనుకోకండి, అనుమానించాడు. గలీబు తీసి, స్పాంజి పీకి, కడ్డీలు విప్పి, పట్టీలన్నీ విడదీసి మళ్ళీ ఒకదానికొకటి ఆనించి చూశాడు. పాతికా సరిపోయాయి. ఒకే అచ్చులో కోసినవి సరిపోక ఏమవుతాయి? అవన్నీ ఒకదాంతో ఒకటి సరిపోయాయి గానీ, పిల్ల ఒంటితో సరిపోయాయా అని చూడలేదు. మా పనిలో అలా చూడటం ఎవరికీ అలవాటు లేదు, నాకూ లేదు. కుర్చీలో దోషం లేదని తేల్చుకున్నాడు. అయినా మనసు ఊరుకోక, పాత పట్టీలు పక్కన పడేసి కొత్త చెక్కతో మళ్ళీ కోశాడు. అచ్చు మంచిగానే ఉంది కదా, ఇంకోటి ఎందుకన్నాడు. స్పాంజి ఇంకాస్త మందంది వేశాడు.

పిల్ల మళ్ళీ కుర్చీ ఎక్కింది. ఇంటిల్లిపాదీ వెలిగిపోయే ముఖాలతో తిరిగాం. మా మరదలు ఇప్పుడు మధ్యాహ్నం కూడా దించి చూడటం మొదలుపెట్టింది. చూసినప్పుడల్లా నన్ను పిలిచి, "వదినా, మీరూ చూడండి" అనేది. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయిందని నాకు అప్పుడు తెలిసింది. నేనూ చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఏమీ లేదు అనుకుంటుండగానే ఒక రోజు పిల్లకు జ్వరం వచ్చింది, ఒళ్ళు కాలిపోయింది, పాత మచ్చ మీదే చర్మం ఉబ్బి చీము పట్టింది.

ఈసారి ఎముక దాకా పోయింది. ఆపరేషన్ చేసి కుళ్ళిన ఎముక కొంత తీసేశారు. విషం రక్తంలోకి ఎక్కి, కొన్నాళ్ళు పిల్ల ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. ఉంది. పెద్ద డాక్టరు మా ముగ్గురినీ వరండాలో నిలబెట్టి, ఇక ఈ పిల్లను కూర్చోబెట్టకూడదు అని చెప్పాడు. ఎప్పటిదాకా అని తమ్ముడు అడిగాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎప్పటికీ అన్నాడు. కూర్చోబెడితే మళ్ళీ అక్కడే పుడుతుంది, ఈసారి తట్టుకోలేదు, బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి పెంచుకోవాలి అన్నాడు. లోపల పిల్ల కొత్త కుర్చీకి ఎర్ర గలీబు కావాలని పక్క మంచం వాళ్ళతో చెప్తోంది. దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ వరండాలోనే మా తమ్ముడు పెళ్ళాంతో అన్నాడు.

"ఒక్కసారైతే పొరపాటు అనుకున్నాను. రెండోసారి కూడా నీ కళ్ళ ముందే అయింది. నువ్వు ఏం చూశావ్?"

మామూలుగా మా మరదలు మాటకు మాట చెప్పే మనిషి. నా దగ్గర ఒక్క మాట కూడా అప్పు ఉంచుకోదు. ఆ రోజు తల వంచుకుని, "నిజమే, నేనే సరిగ్గా చూసుకోలేదు" అంది. నాకు ఒళ్ళు మండింది. పుండు పిల్లకు పడితే కారం తల్లి మీద చల్లుతున్నావేంరా అన్నాను తమ్ముణ్ణి. వాడు నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆమె అప్పటినుంచి తిండి మానేసింది. మంచం పక్కన నేల మీద కూర్చుని పిల్ల వీపు చూస్తూ ఉండేది. చేతులు కడుక్కుని వచ్చి, పిల్లను ముట్టుకునే ముందు ఆగి, నేను ముట్టుకోవచ్చా అన్నట్టు అందరి ముఖాలూ చూసేది. నేను గొడవపడటానికి కూడా ఆ ఇంట్లో మనిషి లేకుండా పోయింది.

పిల్ల ఇంటికి వచ్చే ముందు ఆ కుర్చీని కనపడకుండా చెయ్యాలనుకున్నాను. తల్లి చూస్తే తట్టుకోలేదు, పిల్ల చూస్తే ఎక్కించమంటుంది. ఉదయం ఒక్కదాన్నే షాపు తెరిచాను. తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళి వస్తానన్నాడు. కుర్చీని బల్ల మీదికి ఎత్తి గలీబు విప్పాను. స్పాంజి కూడా తీసేస్తే చెక్క బయటపడింది. మంచి చెక్క, పారేయబుద్ధి కాలేదు, వేరే పనికి వస్తుందేమోనని అలవాటు కొద్దీ అరచెయ్యి పెట్టి ముందు నుంచి వెనక్కి నిమిరాను. పాలిష్ పనిలో కళ్ళకన్నా అరచేతికే ఎక్కువ తెలుస్తుంది. వంపు అడుగున నా చెయ్యి ఎక్కి దిగింది.

మళ్ళీ నిమిరాను. ఒక్క పట్టీలో కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పాతిక పట్టీల్లోనూ అదే చోట బొడిపె ఉంటే, అన్నీ పక్కపక్కన చేరేసరికి అది అడ్డంగా ఒక గట్టు అయిపోయింది. పిల్ల పిరుదు ఎముకలు ఆనేది సరిగ్గా ఆ గట్టు మీదే. గోడకు తగిలించిన అచ్చు తీసుకొచ్చాను. సన్న స్టీలు స్కేలును వంచి దాని అంచుకు ఆనించి వెలుతురులో పట్టాను. లప్పం దగ్గర స్కేలు లేచింది, దానికి అటూ ఇటూ వెలుతురు కనిపించింది. మూలకు పడేసిన పాత పట్టీలు తెచ్చి చూశాను. వాటిలోనూ ఉంది. అచ్చునూ ఆ పట్టీలనూ కుర్చీ పక్కనే బల్ల మీద పెట్టాను. నా నోటిని నేను ఎరుగుదును గాబట్టి, వాడు వచ్చేదాకా ఎవరికీ ఫోను చెయ్యలేదు.

వాడు వచ్చాక ఏమీ చెప్పకుండా వాడి చెయ్యి పట్టుకుని గట్టు మీద పెట్టాను. వాడి వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. తర్వాత వాడే అచ్చు అందుకున్నాడు. స్కేలు అవసరం కూడా లేకపోయింది, బొటనవేలితో లప్పం మీద రెండుసార్లు రాశాడు. అచ్చు పట్టుకునే కింద చెక్కపొట్టు మీద కూర్చున్నాడు. వాడి ముఖం చూస్తే నాకు జాలీ కోపమూ రెండూ వచ్చాయి, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. పిల్లకు దుమ్ము తగలకూడదని ఎండీఎఫ్ పారేసినవాడు, వాసన తగలకూడదని పాలిష్ వద్దన్నవాడు. వాడిలో ప్రేమకు లోటుందని ఎవరైనా అంటే నేను పళ్ళు రాలగొడతాను. ఆ ప్రేమతోనే చేశాడు ఇదంతా.

"దానికి చెప్పొద్దక్కా" అన్నాడు.

"ఎవరికి? పిల్లకా, నీ పెళ్ళానికా?"

"ఎవరికీ వద్దు. తెలిస్తే నన్ను జన్మలో క్షమించదు."

"ఇప్పుడు తనని తానే క్షమించుకోలేక చస్తోంది. అది నీకు పర్వాలేదా?"

వాడు నా తమ్ముడు. అమ్మ పోయాక నా చేతి అన్నం తిని పెరిగినవాడు. ఇంకెవరైనా వాడిని అలా నిలదీస్తే నేను అడ్డం వెళ్ళేదాన్ని. కానీ ఆసుపత్రి నేల మీద కూర్చున్న ఆ మనిషి ముఖం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సాయంత్రంలోగా నువ్వు చెప్పు, లేకపోతే నేను చెప్తాను అన్నాను. నేను అన్నానంటే చేస్తానని వాడికి తెలుసు.

సాయంత్రం దాకా ఆగాల్సిన పని పడలేదు. మధ్యాహ్నం పిల్ల బట్టల కోసం మా మరదలు ఇంటికి వచ్చింది. ఇల్లు షాపు వెనకే. వెళ్తూ వెళ్తూ షాపు తలుపు దగ్గర ఆగింది. బల్ల మీద విప్పేసిన కుర్చీ చూసి, చూడనట్టు తల తిప్పుకోబోయింది. తమ్ముడు పిలిచాడు. ఒక్క నిమిషం లోపలికి రా, నీకొకటి చూపించాలి అన్నాడు. ఆమె చేతిలో సంచి పట్టుకునే వచ్చి బల్ల పక్కన నిలబడింది. తప్పు చేసినవాళ్ళను పిలిస్తే వచ్చినట్టు వచ్చింది. అది చూసి నేను తల పక్కకు తిప్పుకున్నాను.

ఇక్కడ చెయ్యి పెట్టి చూడు అన్నాడు వాడు. ఎక్కడో చూపించబోయేలోగానే ఆమె చెయ్యి నేరుగా ఆ గట్టు మీదికి వెళ్ళింది. వెతుక్కోలేదు. నేను ఇన్నేళ్ళ అనుభవంతో అరచేత్తో నిమిరి కనిపెట్టిన చోటు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసన్నమాట.

"ఇదా?" అంది. "ఈ అడ్డమేగా?"

నీకెలా తెలుసు అని నేను అడిగాను.

"కొత్త కుర్చీ వచ్చిన రోజే తగిలింది వదినా, స్పాంజి కింద తుడుస్తుంటే. పాత కుర్చీలో పిల్ల ముందుకు జారిపోతోందని అంతకుముందే ఈయనకు చెప్పాను. జారకుండా అడ్డం పెట్టారనుకున్నాను. నిజంగానే జారడం ఆగింది కూడా. రెండోసారి కుర్చీలోనూ ఉంది. మళ్ళీ పెట్టారంటే అది ఉండాల్సిందేనన్నమాట, నేనే పిల్లను సరిగ్గా దాని వెనక్కి జరిపి కూర్చోబెట్టడం లేదు, మీదికి ఎక్కిస్తున్నాను అనుకున్నాను. అందుకే అక్కడే పుండు పడుతోందని..." ఆమె ఆగి మొగుడి వైపు చూసింది. "ఎంత వెనక్కి జరపాలో మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అంటారని అడగలేదు."

ఆమె ఇంకా వాడి జవాబు కోసమే చూస్తోంది. చెప్తే ఇప్పుడైనా నేర్చుకుంటాను అన్నట్టు ఉంది ఆ చూపు. ఇక మీదట ఆ పిల్లను ఏ కుర్చీలోనూ కూర్చోబెట్టేది లేదని డాక్టరు చెప్పినప్పుడు ఆమె కూడా అక్కడే ఉంది. అయినా అడిగింది.

"ఎంత వెనక్కి జరపాలండీ?"

"అది అడ్డం కాదు" అన్నాడు మా తమ్ముడు. "నేను పెట్టలేదు. తెలియకుండా వచ్చింది. అది దేనికీ కాదు."

ఆమె ఆ గట్టు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నేను వెళ్ళి ఆమె చేతిలో సంచి అందుకున్నాను. పిల్ల బట్టలు ఆసుపత్రికి చేర్చాలి కదా, ఆ పూట నేనే వెళ్ళాను.